మూత వాసన

గోరువెచ్చటి ఉప్పునీళ్ళు కుడి ముక్కులో పోసి ఎడమ ముక్కులోంచి వదిలాడు. మళ్ళీ ఎడమలో పోసి కుడిలోంచి వదిలాడు. తరవాత తువ్వాలు కొసతో ముందు ముక్కు మాత్రం విడిగా తుడుచుకుని, మిగతా మొహం సంగతి ఆ తరవాత చూశాడు ముక్కు బాబాయ్. వడ్రంగి తన ఉలిని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో ఆయన తన ముక్కుని అంత జాగ్రత్తగా చూసుకుంటాడు. ఇరవై ఆరేళ్ళుగా మండు వేసవిలో కూడా చన్నీళ్ళు తాగి ఎరగడు. బస్సులో పక్కవాడు తుమ్మితే టిక్కెట్టు వృథా అయినా సరే దిగి నడిచిపోతాడు. జలుబు చేస్తే అందరూ ఓ రోజు సెలవు పెడతారు. ఆయనకి జలుబు చేస్తే ఉద్యోగమే చెయ్యడానికి ఉండదు.

చూడ్డానికి ఆ ముక్కులో గొప్పేమీ లేదు. పొట్టిగా, కొస దగ్గర కాస్త వెడల్పుగా, కళ్ళజోడు జారకుండా ఆపడానికి కూడా చాలీచాలకుండా ఉంటుంది. కానీ చేరిన మొదటి వారం మాట వదిలేస్తే, ఊరి చివరి ఆటల పార్కు గేటు దగ్గర దాన్ని దాటుకుని ఒక్క చుక్క మందు లోపలికి పోలేదు. సంచులు తెరిపించడం, సీసాల మూతలూ ఫ్లాస్కుల మూతలూ తీయించి వాసన చూడటం, మందని తేలితే ఎడమచేతి పక్కనున్న నీలం డ్రమ్ములో ఒంపేయడం, ఇదీ ఆయన కొలువు. పసిపిల్ల పాలసీసాలో పోసి, పైన పీక తగిలించి తెచ్చినవాళ్ళున్నారు. కాపడం పెట్టుకునే రబ్బరు సంచీలో నింపి నడుం నెప్పి అని మూలిగినవాళ్ళున్నారు. గొడుగు కర్రని బోలుగా చేయించి అందులో పోసుకొచ్చిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. అందరి సరుకూ ఆ డ్రమ్ము పాలే అయింది. పార్కులో చిన్నా పెద్దా అందరూ ముక్కు బాబాయ్ అనే పిలుస్తారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి ఎవర్నో అనుకుంటాడు.

ఆ కొలువు కాస్తా కిందటి వారం ఊడింది. ఊడిందంటే మనిషిని తీసెయ్యలేదు. పార్కులో బీరు అమ్మాలని పైవాళ్ళు నిర్ణయించారు. ఇంక గేటు దగ్గర ముక్కుతో పనేముంది? ఇన్నాళ్ళూ గేటు మీద "ఇది కుటుంబాల పార్కు. మద్యం తెచ్చినా, తాగి వచ్చినా ప్రవేశం లేదు" అని ఉండే బోర్డు మీద రంగులేసేవాడు మొదటి వాక్యం అలాగే ఉంచి, రెండోదాని మీద సున్నం కొట్టి, "మద్యం లోపలే దొరుకును, బయటినుంచి తేరాదు" అని రాసి పోయాడు. బాబాయ్‌ని బీరు కౌంటరుకి మార్చారు. కార్డులో వయసు చూసి, ఇరవై ఒకటి దాటినవాళ్ళ చేతికి ఆకుపచ్చ కాగితపు పట్టీ కట్టి, గ్లాసు అందించడం కొత్త పని. వారం రోజులు దాని మీద శిక్షణ కూడా ఇచ్చారు. ఇవాళ ప్రారంభం.

ఈ సంగతి ఊరందరికీ తెలుసు. అత్తగారికి మాత్రం తెలియదు. బాబాయ్‌కి గుండెల్లో రాయి పడ్డట్టుందంటే అందుకే.

"ఏమండీ, ఇవాళైనా అమ్మకి చెప్తారా?" వంటింట్లోంచి వచ్చి గొంతు తగ్గించి అడిగింది భార్య.

"చెప్తాలే."

"ఎప్పుడు?"

"ఆవిడ కాస్త నవ్వుతూ ఉన్నప్పుడు."

"అయితే ఈ జన్మకి లేనట్టే."

అత్తగారు వీధి గుమ్మం పక్కన తన ఎత్తుపీట మీద కూచుని ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని వెల్లుల్లి ఒలుస్తోంది. ఎనభై రెండేళ్ళ మనిషి. ఎండిన కందికట్టెలా ఉంటుంది. చెవులు సగం పోయాయి, కళ్ళు ముప్పాతిక పోయాయి, ముక్కు మాత్రం చెక్కు చెదరలేదు. వెల్లుల్లి రాశి మధ్య కూచుని కూడా మూడిళ్ళ అవతల పాలు పొంగిన సంగతి వంటింట్లోవాళ్ళ కంటే ముందు ఆవిడే చెప్తుంది.

ఆ ముక్కే లేకపోతే బాబాయ్‌కి పెళ్ళీ లేదు, ఉద్యోగమూ లేదు.

ముప్పై ఏళ్ళ కిందట పిల్లనిమ్మని అడగడానికి ఆ గుమ్మం దగ్గరికొచ్చినప్పుడు ఆయన చేతిలో సంపాదన లేదు, వెనక ఆస్తి లేదు. ఉన్నది ఇస్త్రీ చేసిన ఒక చొక్కా. ఆవిడ అవేవీ అడగలేదు. పీట మీంచి లేవకుండానే, "ఏదీ, వంగి హా అను" అంది. అన్నాడు. "ఇంకోసారి." అన్నాడు. మూడోసారి కూడా అనిపించుకుని, "పిల్లనిస్తా" అంది. అంతే. ఆవిడ మొగుడు గడియారాలు బాగుచేసేవాడు. బతికున్నన్నాళ్ళూ లవంగం నమిలి, పచ్చి ఉల్లిపాయ కొరికి, పళ్ళ పొడి మింగి ఇంటికొచ్చి, తాగలేదని ఒట్లు పెట్టేవాడు. ఆ ఒట్ల వెనక ఏముందో పసిగట్టీ పసిగట్టీ ఆవిడ ముక్కు అంత పదునెక్కింది.

పార్కులో చేరిన మొదటి వారంలోనే బాబాయ్ రెండు సీసాలు పట్టుకోలేకపోయాడు. ఇంకొకటి తప్పితే ఇంటికి పొమ్మన్నారు. ఆ సాయంత్రం అత్తగారు వంటింట్లో ఏడు సీసాలు వరసగా పెట్టింది. ఒకదాంట్లో మందు, తక్కినవాటిల్లో నిమ్మరసం, పళ్ళరసం, దగ్గుమందు, ఏవేవో. ఆయన ఏడింట్లోనూ ముక్కు పెట్టి ఏడూ తప్పు చెప్పాడు.

"సీసాలో వాసన చూస్తావేమిటయ్యా పిచ్చి మారాజా!" అంది ఆవిడ. "సీసాలో ఏదైనా కలుపుతారు. మూతలో ఎవడూ కలపడు. మూత వాసన చూడు."

ఆయన ఇరవై ఆరేళ్ళ వృత్తి విద్య మొత్తం ఆ ఒక్క మాటే. అప్పట్నించీ రోజూ సాయంత్రం ఇంటికి రాగానే గుమ్మంలో వంగి హా అనడం, ఆవిడ వాసన చూసి, "చేతులకుంది, నోటికి లేదు. లోపలికి రా" అనడం. మొదట్లో అది అనుమానం. తరవాత అలవాటు. ఆ తరవాత అదేమిటో ఇద్దరికీ తెలియదు గానీ, ఓసారి ఆవిడ ఆస్పత్రిలో నాలుగు రోజులుంటే, బాబాయ్ ఖాళీ పీట ముందు వంగబోయి, భార్య చూసిందేమోనని చెప్పు సర్దుకున్నట్టు నటించాడు. "మా అల్లుడు ఇన్నేళ్ళలో చెరువుడు మందు మట్టిలో కలిపాడు" అని ఆవిడ వీధిలో ప్రతి ఆడదానికీ చెప్పుకునేది. ఇప్పుడు అదే అల్లుడు గ్లాసులో పోసి అందిస్తాడని ఏ నోటితో చెప్పడం?

కొత్త యూనిఫారం జేబు మీద నురగ పొంగే గ్లాసు బొమ్మ కుట్టారు. బాబాయ్ అన్నం డబ్బా సంచీని గుండెలకి హత్తుకుని, ఆ బొమ్మ కనిపించకుండా, పక్కకి నడుస్తూ గుమ్మం దాటాడు.

"పీతలా నడుస్తావేం అల్లుడూ, నడుం పట్టేసిందా?"

"లేదత్తయ్యా, సంచీ బరువు."

"ఊఁ" అంది ఆవిడ. మరో రెబ్బ ఒలిచి పళ్ళెంలో వేసింది.

బీరు కౌంటరంటే వేరే ఏమీ కాదు, రంగులరాట్నం ఎదురుగా నిన్నటిదాకా ఉన్న ఐస్‌క్రీమ్ కొట్టే. గుడారం గుడ్డ మార్చారు, లోపల యంత్రం మార్చారు. మనిషిని మార్చలేదు. పద్ధెనిమిదేళ్ళుగా అక్కడ ఐస్‌క్రీమ్ తిప్పి ఇచ్చిన అక్కే ఇప్పుడు బీరు కొళాయి దగ్గర నిలబడింది. చెయ్యి అలవాటు కొద్దీ గ్లాసుని గుండ్రంగా తిప్పుతూ పడుతుంది. నురగ మెలికలు తిరిగి పైకి లేస్తుంది.

మేనేజరమ్మకి ముప్పై ఏళ్ళుంటాయి. తెల్ల బూట్లు వేసుకుని, చేతిలో కాగితాల అట్ట పట్టుకుని, పొద్దుణ్ణించీ బొంగరంలా తిరుగుతోంది. "అంకుల్, మళ్ళీ చెప్తున్నా. కార్డు చూడకుండా ఎవరికీ పట్టీ కట్టొద్దు. మొహం చూసి వయసు అంచనా వెయ్యొద్దు. మా నాన్నగారొచ్చినా కార్డు అడగాల్సిందే" అంది.

"మీ నాన్నగారు తాగుతారా మేడమ్?"

"అది మీకనవసరం అంకుల్."

మొదటి బేరంగా ఓ జంట వచ్చారు. పిల్లలిద్దర్నీ రంగులరాట్నం ఎక్కించి, భర్త నాలుగు దిక్కులా చూసుకుని, తప్పు చేసినవాడిలా కౌంటరు దగ్గరికొచ్చాడు. బాబాయ్ కార్డు చూశాడు, పట్టీ కట్టాడు. అక్క చిరునవ్వు నవ్వి, "కప్పా? కోనా?" అని అడిగింది. అడిగాక నాలిక కరుచుకుంది. గ్లాసు నింపి బాబాయ్ చేతికిచ్చింది. అందరూ చప్పట్లు కొట్టడానికి చేతులు లేపారు.

అంతవరకూ అంతా సవ్యంగానే జరిగింది. గ్లాసు చేతిలోకి రాగానే బాబాయ్ మెడ తనంతట తనే వంగింది. ముక్కు వాసన చూసింది. మందే. ఇంక ఆ పైన జరిగినదాంట్లో ఆయన ప్రమేయం లేదు. ఇరవై ఆరేళ్ళ చెయ్యి ఎడమవైపు తిరిగి, డ్రమ్ము ఉండాల్సిన చోట గ్లాసుని బోర్లా ఒంపేసింది. అక్కడ డ్రమ్ము లేదు. మేనేజరమ్మ తెల్ల బూట్లున్నాయి.

చప్పట్లకి లేచిన చేతులు లేచినట్టే ఆగిపోయాయి. రంగులరాట్నం పాట ఒక్కటే వినిపించింది.

"చూశావా?" అన్నాడు ఆ భర్త పెళ్ళాంతో. "మనకి అచ్చిరాదని చెప్పానా?"

"మాటలు చాలించి ఇంకోటి తెండి. నాకూ ఒకటి" అంది ఆవిడ, చెయ్యి ముందుకు చాపుతూ.

బాబాయ్ పట్టీ పట్టుకుని భర్త మొహం వంక చూశాడు.

"అటు చూస్తారేమిటి బాబాయ్ గారూ? చెయ్యి నాది" అంది.

మేనేజరమ్మ కోప్పడలేదు. బూట్లు కడుక్కొచ్చి, గేటు దగ్గర మూల పడేసిన నీలం డ్రమ్ముని తెప్పించి, దాన్నిండా మట్టి పోయించి, ఓ పూలమొక్క నాటించి, సరిగ్గా బాబాయ్ ఎడమచేతి పక్కన పెట్టించింది. "మళ్ళీ పొరబాటున ఒంపినా మొక్కే తాగుతుంది అంకుల్" అంది. పదకొండయ్యేసరికి మొక్క మూడు గ్లాసులు తాగింది.

పదకొండున్నరకి గొడుగు సారు వచ్చాడు. గొడుగు కర్రలో మందు తెచ్చిన పెద్దమనిషి ఈయనే. పదిహేనేళ్ళపాటు నెలకోసారి పెళ్ళాం పిల్లలతో వచ్చి, నెలకో కొత్త ఎత్తు వేసి, నెలనెలా దొరికిపోయినవాడు. ఇవాళ గౌరవంగా పట్టీ కట్టించుకుని, గ్లాసు పుచ్చుకుని, బల్ల దగ్గర కూచుని, రెండు గుక్కలు తాగి దిగాలుపడి తిరిగొచ్చాడు.

"ఏమయ్యా ముక్కూ, ఇందులో మజా లేదయ్యా."

"బీరు బాగా లేదా సార్?"

"బీరు బానే ఉంది. మా ఆవిడే ఎదురుగా కూచుని, తాగండి తాగండి, చల్లారిపోతుందంటోంది. అలా అంటే మనిషన్నవాడికి తాగబుద్ధవుతుందా?" అటూ ఇటూ చూసి, చంకలోంచి లావుపాటి పుస్తకం ఒకటి తీసి కౌంటరు మీద పెట్టాడు. అట్టలు రెండూ గట్టిగా అతికించి, లోపల కాగితాలు కోసి గుంట చేసి, చిన్న సీసా ఇమిడ్చాడు. "ఆరు నెలలు కష్టపడి చేశాను. ఇంతలో మీరు గేటెత్తేశారు. నీకు పుణ్యముంటుంది, ఒక్కసారి పట్టుకోవయ్యా."

బాబాయ్ కళ్ళజోడు సర్దుకుని, గొంతు సవరించుకుని, పాత గేటు గొంతుతో, "ఏమిటి సార్ ఆ పుస్తకం? ఇలా తెరవండి. మూత తియ్యండి" అన్నాడు. మూత వాసన చూశాడు. "ఇదేం పని సార్? కుటుంబాలొచ్చే చోటు" అని సీసా మొత్తం మొక్కలో ఒంపేశాడు.

గొడుగు సారు మొహం చేటంతయింది. "నీ ముక్కు చల్లగా ఉండ" అని దీవించి పెళ్ళాం దగ్గరికి పోయాడు.

ఆయన పోయాక బాబాయ్‌కి మనసు తేలికపడాల్సింది పోయి, బరువెక్కింది. దొంగతనంగా తేబోయి దొరికినవాళ్ళు దర్జాగా కూచున్నారు. పిల్లల కంటబడకుండా తాగాలని చూసినవాళ్ళు, ఇది ఆపిల్ రసమని పిల్లలకి చెప్పుకుంటూ తాగుతున్నారు. ఎవరూ తూలడం లేదు, ఎవరూ అరవడం లేదు. చాలామంది ఒక్క గ్లాసుతో సరిపెట్టి ఢీకొట్టే కార్ల వైపు పోతున్నారు. ఇంతమాత్రానికా నేను ఇన్నేళ్ళు కాపలా కాశాను అనిపించింది. కాయకపోతే ఎలా ఉండేదో అని కూడా అనిపించింది. ఏది నిజమో తేలలేదు. సాయంత్రం గుమ్మంలో వంగేటప్పుడు చెప్పెయ్యాలి, ఏమైతే అదయింది అనుకున్నాడు. అలా అనుకుని తలెత్తేసరికి, వరసలో నాలుగో మనిషిగా అత్తగారు నిలబడి ఉంది.

పక్కన భార్య. ఆవిడ కళ్ళతోనే, నాకేం తెలీదు, నన్నడక్కండి అంటోంది.

బాబాయ్ చటుక్కున కూచున్నాడు. కౌంటరు కింద ఐస్‌క్రీమ్ రోజులనాటి కోనుల పెట్టె ఉంటే దాని వెనక తల దాచుకున్నాడు. "అక్కా, నేను లేనని చెప్పు" అన్నాడు.

"ఎవరికి?"

"మా అత్తగారికి."

అక్క తొంగిచూసి, "ఆవిడకి చెప్పక్కర్లేదు బాబాయ్. మీరెక్కడున్నారో వాసన చూసి ఇటే వస్తున్నారు" అంది.

"లే అల్లుడూ" అంది పైనించి ఒక గొంతు. "ఎంతసేపు కూచుంటావు, మోకాళ్ళు పట్టేస్తాయి."

లేచాడు. చొక్కా మీద గ్లాసు బొమ్మని అరచేత్తో మూసుకున్నాడు. జాతీయ గీతానికి లేచి నిలబడ్డట్టుగా ఉంది.

"అత్తయ్యా, నేనే చెప్దామనుకున్నాను. ఇవాళ సాయంత్రం..."

"సోమవారం నుంచీ తెలుసు నాకు" అంది ఆవిడ. "డ్రమ్ము దగ్గర పని చేసేటప్పుడు పదిరకాల మందు కలిసిన వాసన వచ్చేది నీ దగ్గర. వారం రోజులుగా ఒకటే రకం, అదీ తాజాది. పోనీ తాగావా అంటే నోట్లో లేదు. అంటే ఏమిటి? పోస్తున్నావన్నమాట. ఇవాళ నువ్వు బయల్దేరాక దీన్ని నిలదీస్తే ఏడ్చి ఒప్పుకుంది."

"ఏడవలేదు నేను" అంది భార్య.

"మీరేమనుకుంటారోనని..." అన్నాడు బాబాయ్. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పంతులు ముందు నిలబడ్డ పిల్లాడిలా అయిపోయాడు. "ఈ వయసులో ఇంకో పని ఎవరిస్తారత్తయ్యా?"

"అది తరవాత. ముందు నాకొక గ్లాసు పొయ్యి."

వినిపించింది నిజమేనా అన్నట్టు ఆయన భార్య వంక చూశాడు. భార్య ఆకాశం వంక చూసింది. సరిగ్గా అప్పుడే మేనేజరమ్మ అట్ట పట్టుకుని వచ్చి పక్కన నిలబడింది.

బాబాయ్ మింగలేక కక్కలేక, "అత్తయ్యా, కార్డు... వయసుకి రుజువు చూపించాలి" అన్నాడు.

"ఏమిటీ?"

"ఇరవై ఒకటి దాటినట్టు."

వరసలో ఉన్నవాళ్ళంతా పక్కకి తలలు చాపారు. ఆవిడ తొణకలేదు. కూతురి రెక్క పట్టుకుని ముందుకు లాగింది. "ఇదిగో రుజువు. దీనికి యాభై రెండు. దీన్ని నేనే కన్నాను. చాలా, దీనికి పుట్టిన పిల్లని కూడా పిలిపించనా?"

మేనేజరమ్మ అట్ట అడ్డం పెట్టుకుని నవ్వి, "కట్టండి అంకుల్" అంది.

పట్టీ కట్టబోతే ఆవిడ మణికట్టు చుట్టూ రెండు వేళ్ళు దూరేంత సందు మిగిలింది. కొస కన్నం దాకా బిగించినా నిలవలేదు. మోచేతి వైపు కాస్త పైకి తోసి వదిలాడు. అక్క గ్లాసు పట్టి ఇచ్చింది. ఆవిడ అందుకుని పెదవుల దాకా తెచ్చుకుంది. అంతే, బాబాయ్ చెయ్యి చటుక్కున ముందుకు పోయి గ్లాసు లాక్కుంది. మెడ వంగింది. ముక్కు వాసన చూసింది. గ్లాసు మొక్క వైపు తిరిగింది.

అత్తగారు ఆయన చేతి మీద ఫెడేల్మని కొట్టింది. "ఇటివ్వు! నేర్పింది నేను, నా దగ్గరా?"

బల్ల దగ్గర కూచోబెట్టారు. బాబాయ్ పది నిమిషాలు సెలవు తీసుకుని పక్కన నిలబడ్డాడు. ఆవిడ ముందు గ్లాసు అంచు వాసన చూసింది. తరవాత ఒక గుక్క తాగింది. నోట్లోనే ఉంచుకుని చాలాసేపు కళ్ళు మూసుకుంది. మింగింది. ఇంకో గుక్క తాగింది.

"ఇంతేనా?" అంది.

"అంతే అత్తయ్యా."

"చేదుగా ఉందేమిటయ్యా. పుల్లగా కూడా ఉంది. ఇంకేమైనా కలపడం మర్చిపోయారా?"

"లేదత్తయ్యా, అదంతే."

గ్లాసు బల్ల మీద పెట్టి, రంగులరాట్నం వైపు తిరిగి, ఆవిడ కాసేపు పిల్లల్ని చూసింది. కనపడదు గనక పాట విందనుకోవాలి. "గడియారాలు బాగుచేసేవాడింట్లో ఒక్క గడియారం మిగల్లేదు. టైమెంతైందో పక్కింటివాళ్ళని అడిగేదాన్ని" అంది. "దానిలో ఏదో ఉందనుకున్నానయ్యా. నాకంటే, పిల్లకంటే గొప్పదేదో ఉండబట్టే మమ్మల్నొదిలేసి అటు పోతున్నాడనుకున్నా. యాభై ఏళ్ళు వాసన చూశాను గానీ, ఏముందో రుచి చూద్దామంటే ధైర్యం చాల్లేదు. నిజంగా ఉంటే ఏం చెయ్యాలి? తీరా చూస్తే ఏమీ లేదు. ఇంతోటిదానికా నేను అన్నేళ్ళు కుళ్ళి కుళ్ళి ఏడ్చింది!"

అని ఫక్కున నవ్వింది. అత్తగారి పళ్ళు ఎన్ని మిగిలాయో బాబాయ్ ముప్పై ఏళ్ళలో మొదటిసారి చూశాడు. మూడు. నవ్వు ఆగక ఆవిడ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భార్య తల్లి వీపు నిమురుతూ తనూ నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. ఇద్దరిలో ఎవరు నవ్వుతున్నారో ఎవరు ఏడుస్తున్నారో చెప్పడం కష్టమైంది. బాబాయ్‌కి మాత్రం వారం రోజుల రాయి గుండెల మీంచి ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. ఆవిడంటే తనకి భయమనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు. భయం కాదు, ప్రేమ అని అప్పుడు తెలిసింది. ఆవిడ పీటకి వేసే దిండులాంటిది ఇక్కడ దొరుకుతుందేమోనని వెతికాడు.

"ఇలా వంగు" అంది ఆవిడ. వంగి అలవాటుగా హా అనబోయాడు. "నువ్వు కాదు. ఇవాళ నేను" అని ఆయన మొహం మీద పెద్దగా "హా" అంది.

బాబాయ్ నిష్ఠగా వాసన చూశాడు. "చేతులకి వెల్లుల్లి ఉంది. నోటికి... కొంచెం ఉందత్తయ్యా."

"మరి ఇంట్లోకి రానిస్తావా?"

"ఇల్లు మీదే కదా."

"తెలివైనవాడివే" అని ఆవిడ లేచింది. "మిగిలింది మొక్కలో పొయ్యి. అది నీకు బాగా వచ్చిన పని. మనుషులకి పోసేటప్పుడు మాత్రం వాసన చూడకు, నామర్దాగా ఉంది. సాయంత్రం తొందరగా రా. తాజా వాసనకి ఇంకా ముక్కు అలవాటు పడాలి నాకు."

తల్లీ కూతురూ చేతులు పట్టుకుని బస్సు వైపు నడిచారు. రంగులరాట్నం దగ్గర ఆవిడ ఆగి, కర్ర గుర్రం తోక ఒకసారి తడిమి చూసి, మళ్ళీ కదిలింది.

ఆ మధ్యాహ్నం బాబాయ్ ఒక్క గ్లాసు కూడా ఒంపలేదు. కార్డు చూశాడు, పట్టీ కట్టాడు, గ్లాసు ఇచ్చాడు. మెడ వంగబోతే అత్తగారి దెబ్బ గుర్తొచ్చి నిటారుగా నిలబడ్డాడు. "పెద్దావిడ వచ్చి మీకు మంచి శిక్షణిచ్చారు అంకుల్, మా వల్ల కాలేదు" అంది మేనేజరమ్మ. రోజూ రమ్మని చెప్పమంది.

పార్కు ఆరింటికి మూసేస్తారు. ఇంకా వెలుతురుండగానే బాబాయ్ వీధి మలుపు తిరిగాడు. సంచీ గుండెలకి హత్తుకోలేదు, చేత్తో ఊపుకుంటూ వచ్చాడు. జేబు మీద నురగ గ్లాసు వీధంతా చూస్తుంటే సిగ్గుపడలేదు. అత్తగారు గుమ్మం పక్కన ఎత్తుపీట మీద గోడకి చేరగిలబడి ఉంది. ఒళ్ళో పళ్ళెం, పళ్ళెంలో సగం ఒలిచిన వెల్లుల్లి. లోపల్నించి భార్య అంట్లు తోముతున్న చప్పుడు వస్తోంది.

బాబాయ్ చెప్పులు విడిచి, వంగి, "హా" అన్నాడు.

ఆవిడ ఏమీ అనలేదు. ఆటపట్టిస్తోందనుకున్నాడు. "తాజా వాసనే అత్తయ్యా, రెండు గ్లాసులు మీద పడ్డాయి" అని, ఇంకాస్త దగ్గరగా వంగి, "హా" అన్నాడు. ఎప్పుడూ ఆ మాట వినగానే ముందు ముక్కుపుటాలు కదిలేవి, ఆ తరవాతే ఆవిడ కళ్ళు తెరిచేది. ముక్కుపుటాలు కదల్లేదు. మూడోసారి అనడానికి ఆయన నోరు తెరిచాడు గానీ, శబ్దం రాలేదు. అలాగే వంగి ఉండిపోయాడు. ఆవిడ మొహంలో మధ్యాహ్నం నవ్వు కాస్త, పెదవి కొసన, ఇంకా ఆరకుండా ఉంది.

వీధి చివర ఉండే డాక్టరు వచ్చి చూశాడు. గుండె ఆగిందనీ, నిద్రలోనే పోయిందనీ, నెప్పి తెలిసుండదనీ చెప్పాడు. మధ్యాహ్నం రెండు గుక్కలు తాగిందండీ అని భార్య భయంభయంగా చెబితే, దానికీ దీనికీ ఏం సంబంధం లేదమ్మా, ఎనభై రెండేళ్ళు నడిచిన గుండె అన్నాడు. పక్కవాళ్ళు వచ్చి ఆవిణ్ణి ఎత్తి లోపలికి తీసుకుపోయారు. ఒక మనిషి మోసేంత బరువు కూడా లేదని ఎవరో అన్నారు. భార్య ఏడుపు వినిపించింది. బాబాయ్ కూడా లోపలికి పోవాలి. కానీ గుమ్మంలోనే ఆగాడు. చేతులకుంది, నోటికి లేదు, లోపలికి రా అని చెప్పేవాళ్ళు లేకుండా ఆ గడప ఎలా దాటాలో ఆయనకి తెలియలేదు.

పీట ఖాళీగా ఉంది. ఆవిణ్ణి ఎత్తేటప్పుడు చేతిలోంచి జారిపోయినట్టుంది, వెల్లుల్లి పొట్టు మధ్య ఆకుపచ్చ పట్టీ పడి ఉంది, ఎక్కడా తెగకుండా, బాబాయ్ బిగించిన కొస కన్నంలోనే ఇంకా గుండ్రంగా నిలబడి.